సముద్రంలో కలిసే నీళ్లు వృథాయేనా?

ధవళేశ్వరం దగ్గర గేట్లెత్తిన ప్రతిసారీ టీవీలో ఒక మాట పరుగెడుతూ ఉంటుంది: గోదావరి జలాలు వృథాగా సముద్రం పాలు. 2022 జూలైలో అక్కడ వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. లక్ష క్యూసెక్కులు రోజంతా పారితే 8.64 టీఎంసీలు. ఆ లెక్కన ఆ ఉధృతి ఒక్క రోజు నిలిచినా ఖాళీ శ్రీశైలం నిండిపోతుంది. వింటే ఎవరికైనా ప్రాణం ఉసూరుమంటుంది, చేలు ఎండిన ఊళ్లవాళ్లకు మరీను. ఆ బాధ నిజం. నా అభ్యంతరమల్లా 'వృథా' అన్న మాటతోనే. ఆనకట్ట దాటాక ఆ నీళ్లు చేసే పని చాలా ఉంది.

ఉప్పునీరు నదిలోకి ఎలా ఎక్కుతుంది?

గాజు గ్లాసులో సగం దాకా నీళ్లు పోసి, రెండు చెంచాల ఉప్పు కరిగించి, నాలుగు చుక్కల సిరా కలపండి. గ్లాసు అంచుకు చెంచా ఆనించి, దాని మీదుగా మామూలు నీళ్లు మెల్లగా జారవిడవండి. రంగునీళ్లు అడుగునే ఉండిపోతాయి. ఉప్పునీరు బరువు కాబట్టి. గోదావరి మొగ దగ్గర జరిగేదీ ఇదే. పోటు వచ్చినప్పుడు సముద్రం నది అడుగున నాలుకలా చొరబడుతుంది, పైన మంచినీళ్లు కిందికి పారుతూనే ఉంటాయి. వరద రోజుల్లో నదిదే పైచేయి, ఉప్పును మొగ బయటికి నెట్టేస్తుంది. ప్రవాహం సన్నగిల్లిందా, ఆ నాలుక మైళ్లకొద్దీ పైకి పాకుతుంది. యానాం రేవులో ఆగస్టులో దోసిట పట్టిన నీళ్లు బురద వాసనతో చప్పగా ఉంటాయి. అదే రేవులో నడివేసవిలో నోట పోసుకుంటే ఉమ్మేయాల్సిందే. నది ఉప్పెక్కితే ఒడ్డున ఉన్న బావులూ బోర్లూ కూడా క్రమంగా ఉప్పుబారతాయి.

ఒండ్రు సరిగ్గా అక్కడే ఎందుకు దిగుతుంది?

నదిలో తేలివచ్చే బంకమట్టి రేణువులు మరీ సన్నవి. అన్నిటి మీదా ఒకే రకం విద్యుదావేశం ఉండటంతో ఒకదాన్నొకటి దూరం నెట్టుకుంటూ అడుగుకు దిగకుండా కొట్టుకొస్తాయి. ఉప్పు తగలగానే ఆ నెట్టుడు తగ్గిపోతుంది. నిమ్మరసం పడ్డ పాలు విరిగినట్టు రేణువులు గడ్డలు కట్టి కిందికి దిగుతాయి. కోనసీమ నేల, కోరింగ మడ అడవి కాళ్ల కింది బురద ఇలా వేల ఏళ్లుగా పోగైనవే.

ఆ మట్టి రాక ఇప్పుడు బాగా పడిపోయింది. 1970లలో గోదావరి ఏటా సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రు మోసుకొచ్చేది. ఆ తర్వాతి దశాబ్దాల్లో అది 6 కోట్ల టన్నుల లోపుకు దిగింది. మిగతాదానిలో చాలా భాగం ఎగువ జలాశయాల అడుగున పేరుకుంటోంది. అలలు మాత్రం ఒడ్డును కోయడం మానవు. పైగా డెల్టా నేల తన బరువుకు తానే మెల్లగా కుంగుతుంటుంది. కొత్త మట్టి పడకపోతే తీరం వెనక్కి జరగక తప్పదు.

రొయ్యకు, పులసకు వరదతో ఏం పని?

వరద ఒండ్రుతోపాటు నత్రజని, భాస్వరం, సిలికా తెస్తుంది. డయాటమ్లనే సూక్ష్మమైన నాచుకు పైపెంకు కట్టుకోవడానికి సిలికా కావాలి. సముద్రపు మేతకు మొదలు ఈ నాచే. టైగర్ రొయ్య గుడ్లు పెట్టేది సముద్రంలో, పిల్లలు పెరిగేది మడల మధ్య కాలువల్లో. మండపీత కూడా అంతే. సముద్రంలో విలసగా తిరిగే చేప ఎర్రనీరు వాసన పట్టి, ఏటికెదురీది పులస అవుతుంది. దాని దారి ధవళేశ్వరం దగ్గర ఆగిపోతుంది. మడచెట్టు ఉప్పులో బతుకుతుంది కదా, దానికి మంచినీళ్లెందుకు అని అడుగుతారు. మడ ఆకును నాలుకకు తగిలిస్తే ఉప్పగా ఉంటుంది. పీల్చుకున్న ఉప్పును అది అలా ఆకుల మీదుగా కక్కేస్తుంది. ఆ ఓపికకూ హద్దుంది. ఏటా వరద వచ్చి నేలను కడగకపోతే చెట్లు గిడసబారతాయి.

అయితే ఆనకట్టలు వద్దా?

అనను. 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్ట లేకపోతే గోదావరి జిల్లాల అన్నం లేదు. అడగాల్సింది ఎన్ని నీళ్లు, ఏ నెలలో దిగువకు వదులుతున్నారని. పక్కనే కృష్ణ ఉంది. 2001-2004 కరవు ఏళ్లలో ఆ నది నుంచి సముద్రానికి చేరిన నీళ్లు దాదాపు శూన్యం. వంతులేసుకునే రాష్ట్రాల లెక్కల్లో మొగకూ ఒక వాటా రాయాలి. పంటకాలువకు రాసినంత గట్టిగా రాయాలి.

మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ గడువు తీరి బోట్లు కదిలాక కొన్నాళ్లకు తొలి ఎర్రనీరు మొగకు చేరుతుంది. గేట్లు ఎప్పుడెత్తుతారన్న కబురు కోసం అక్కడి వలలవాళ్లు ఎదురుచూస్తుంటారు.