ప్రభుత్వ పరిశోధనా కంపెనీలపై పర్యవేక్షణ – ఈసీఐఎల్

ప్రభుత్వ పరిశోధనా కంపెనీ అనగా పరిశోధన చేయుటకు, ఆ పరిశోధన ఫలితాలను వస్తువులుగా తయారుచేసి అమ్ముటకు, ప్రభుత్వ యాజమాన్యంలో కంపెనీల చట్టం క్రింద నమోదైన సంస్థ. ఇటువంటి సంస్థలపై భారత ప్రభుత్వం, పార్లమెంటు, రాజ్యాంగబద్ధ సంస్థలు జరిపే అజమాయిషీని ఈ వ్యాసం హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్ (ఈసీఐఎల్) ఉదాహరణగా వివరిస్తుంది. దేశంలో ఎన్నికలకు వాడే ఎలక్ట్రానిక్ ఓటింగు యంత్రాలను తయారుచేసే రెండు సంస్థలలో ఇది ఒకటి. కాబట్టి దీని లెక్కలను, పనితనాన్ని ఎవరు సరిచూస్తారన్న ప్రశ్న ప్రతి ఓటరుకూ సంబంధించినదే.

మూడు రకాల సంస్థలు

హైదరాబాదులో కేంద్ర ప్రభుత్వ పరిశోధనా సంస్థలు అనేకం ఉన్నాయి. బయటినుండి చూసేవారికి అన్నీ ఒకే రకంగా కనిపిస్తాయి గాని, చట్టం దృష్టిలో ఇవి మూడు రకాలు. రక్షణ పరిశోధన, అభివృద్ధి ప్రయోగశాల (డీఆర్‌డీఎల్) రక్షణ మంత్రిత్వశాఖలో నేరుగా ఒక భాగం. భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ), సీసీఎంబీలు 1942లో ఏర్పడిన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలికి చెందినవి. ఆ మండలి సంఘాల నమోదు చట్టం క్రింద నమోదైన ఒక సంఘం. ఈసీఐఎల్, మిధాని, భారత్ డైనమిక్స్ మాత్రం కంపెనీలు.

ఈ తేడా చిన్నది కాదు. శాఖాపరమైన ప్రయోగశాల, బడ్జెట్‌లో కేటాయించిన సొమ్మును కేటాయించిన పద్దు క్రిందనే ఖర్చు చేయాలి. కంపెనీ అయితే సరుకు అమ్మవచ్చు, అప్పు తేవచ్చు, తన పేరుతో ఒప్పందాలు కుదుర్చుకోవచ్చు, లాభాన్ని తిరిగి పెట్టుబడిగా పెట్టవచ్చు. ఆ వెసులుబాటు కోసమే కంపెనీ రూపాన్ని ఎన్నుకుంటారు. వెసులుబాటు ఇచ్చిన తరువాత ఎంతవరకు నిఘా ఉంచాలన్నదే చిక్కు ప్రశ్న.

ఈసీఐఎల్ పుట్టుక

ఈసీఐఎల్ 1967 ఏప్రిల్ 11న అణుశక్తి విభాగం క్రింద స్థాపించబడింది. దేశంలో ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ భవిష్యత్తుపై హోమీ భాభా అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1966లో నివేదిక ఇచ్చింది. భాభా అదే సంవత్సరం జనవరిలో విమాన ప్రమాదంలో మరణించాడు. ట్రాంబేలోని అణుపరిశోధన కేంద్రంలో పరికరాలు తయారుచేస్తున్న విభాగమే ఈసీఐఎల్‌కు బీజం. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లుకు చెందిన అయ్యగారి సాంబశివరావు (ఎ.ఎస్.రావు) ఈ సంస్థకు మొదటి సారథి. ఆయన పేరు మీదనే హైదరాబాదులో ఎ.ఎస్.రావు నగర్ వెలసింది.

సంస్థ మొదటి కంప్యూటరు టీడీసీ-12, 1969లో తయారయింది. 1970వ దశకంలో చాలాకాలం దేశీయ కంప్యూటర్ల తయారీలో ఈసీఐఎల్‌కు పోటీయే లేదు. ఆ దశకం చివరలో ప్రైవేటు సంస్థలకు కూడా మినీ కంప్యూటర్ల తయారీ లైసెన్సులు లభించాయి. విదేశాలమీద ఆధారపడకుండా అణువిద్యుత్ కేంద్రాలకు కావలసిన నియంత్రణ పరికరాలు చేయడం దీని ప్రధాన లక్ష్యం. చంద్రయాన్-1 కోసం బెంగుళూరు సమీపంలోని బ్యాలాలులో నెలకొల్పిన 32 మీటర్ల ఆంటెన్నా కూడా ఈ సంస్థ నిర్మించినదే.

అజమాయిషీ ఏర్పాట్లు

ఈసీఐఎల్ వాటాలన్నీ కేంద్ర ప్రభుత్వానివే. కంపెనీల చట్టం (2013) ప్రకారం 51 శాతానికి తక్కువ కాకుండా ప్రభుత్వ వాటా ఉన్నది ప్రభుత్వ కంపెనీ. దాని ఆడిటరును కంపెనీ తానుగా నియమించుకోలేదు. కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ (కాగ్) నియమిస్తాడు. ఆడిటరు నివేదిక అందిన 60 రోజులలోపు కాగ్ అదనపు తనిఖీ జరిపి తన వ్యాఖ్యలను జతచేయవచ్చు. ఆ వ్యాఖ్యలతో సహా వార్షిక నివేదికను పార్లమెంటు ఉభయ సభల ముందు ఉంచాలి. 1956 నాటి పాత చట్టంలోనూ దాదాపు ఇదే ఏర్పాటు ఉండేది.

పార్లమెంటు తరపున ప్రభుత్వ రంగ సంస్థల కమిటీ 1964 నుండి పనిచేస్తున్నది. ఇందులో లోక్‌సభ నుండి 15 మంది, రాజ్యసభ నుండి 7గురు, మొత్తం 22 మంది సభ్యులు. మంత్రులు సభ్యులుగా ఉండరాదు. అయితే ప్రభుత్వపు ప్రధాన విధానాలు, సంస్థల రోజువారీ పరిపాలన ఈ కమిటీ పరిధిలోకి రావు. సంస్థను నడిపేవారి చేతులు కట్టివేయకూడదన్న ఉద్దేశంతో గీసిన గీత ఇది. 1980వ దశకంలో అర్జున్ సేన్‌గుప్తా కమిటీ సిఫారసులపై మరో పద్ధతి వచ్చింది. సంస్థ, దాని పరిపాలక శాఖ ఏటా ఒక అవగాహన ఒప్పందం కుదుర్చుకొని, అమ్మకాలు, లాభం వంటి లక్ష్యాలను ముందుగా నిర్ణయించుకుంటాయి. ఏడాది చివర మార్కులు వేస్తారు. ఇవిగాక అవినీతి ఆరోపణలకు కేంద్ర నిఘా సంఘం, పౌరుల ప్రశ్నలకు 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉన్నాయి. అదే చట్టంలోని 8వ సెక్షను దేశ వైజ్ఞానిక ప్రయోజనాలకు భంగం కలిగించే సమాచారానికి, వ్యాపార రహస్యాలకు మినహాయింపు ఇచ్చింది. పరిశోధనా కంపెనీకి ఈ రెండూ వర్తించగలవు.

షేర్ మార్కెట్‌లో నమోదైన సంస్థలకు ఇంకొక కాపలా ఉంటుంది. భారత్ డైనమిక్స్, మిధాని 2018లో నమోదయ్యాయి కాబట్టి అవి మూడు నెలలకొకసారి ఫలితాలు వెల్లడించాలి, వాటాదారులకు జవాబు చెప్పాలి. ఈసీఐఎల్ అలా నమోదు కాలేదు.

ఇన్ని కళ్ళున్నా అవి చూసేది ఎక్కువగా ఖర్చును, నియమాలను. హాజరు పట్టీ సరిచూసినంత మాత్రాన తరగతిలో పాఠం ఎలా సాగిందో ఇన్‌స్పెక్టరుకు తెలియదు గదా. పరికరం లోపల ఉన్న సర్క్యూటు సరైనదా కాదా అన్నది తేల్చగల జ్ఞానం సంస్థలోనో, దాని యజమాని అయిన శాఖలోనో ఉంటుంది. ఈసీఐఎల్ విషయంలో అణుశక్తి విభాగమే యజమాని. దాని పరిధిలోని సంస్థలు కొనుగోలుదారులు కూడా. లక్ష్యాల ఒప్పందంలో రెండవ పక్షమూ అదే.

ఆంట్రిక్స్ అనుభవం

ఇటువంటి కలగాపులగం ఎంత దూరం పోగలదో బెంగుళూరులోని ఆంట్రిక్స్ కార్పొరేషన్ చరిత్ర చూపుతుంది. ఇది 1992లో అంతరిక్ష విభాగం క్రింద ఏర్పడిన కంపెనీ. 2005 జనవరి 28న దేవాస్ అనే ప్రైవేటు సంస్థతో ఉపగ్రహ సామర్థ్యపు లీజు ఒప్పందం చేసుకున్నది. అప్పట్లో అంతరిక్ష విభాగపు కార్యదర్శి, ఇస్రో అధ్యక్షుడు, ఆంట్రిక్స్ అధ్యక్షుడు ఒక్కరే. ఉపగ్రహ నిర్మాణానికి కేంద్ర మంత్రివర్గం ఆమోదం కోరినపుడు, దాని సామర్థ్యంలో అధికభాగం అప్పటికే దేవాస్‌కు రాసిచ్చిన సంగతి తెలుపలేదు. 2011 ఫిబ్రవరిలో ప్రభుత్వం ఒప్పందాన్ని రద్దు చేసింది. 2012లో కాగ్ నివేదిక ఈ లోపాలను ఎత్తిచూపింది. 2015లో అంతర్జాతీయ మధ్యవర్తిత్వ మండలి దేవాస్‌కు 56.25 కోట్ల డాలర్ల పరిహారం ఇవ్వాలన్నది. 2022 జనవరిలో సుప్రీంకోర్టు, దేవాస్ మోసపూరితంగా ఏర్పడినదంటూ దాని మూసివేతను సమర్థించింది. ఆడిట్ అడుగుపెట్టేసరికి ఒప్పందం జరిగి ఏళ్ళు గడిచిపోయాయి.

ఓటింగు యంత్రాలు

ఎన్నికల సంఘం కోరికపై ఈసీఐఎల్ 1979లో ఓటింగు యంత్రపు నమూనాను తయారుచేయగా, 1980 ఆగస్టు 6న దానిని రాజకీయ పక్షాల ప్రతినిధులకు చూపించారు. తరువాత బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ (బెల్) కూడా తయారీలో చేరింది. 1982 మేలో కేరళలోని పరూరు శాసనసభ స్థానంలో 50 పోలింగు కేంద్రాలలో తొలిసారి వాడారు. చట్టంలో అనుమతి లేనందున ఆ వాడకం చెల్లదని 1984లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అప్పుడు పార్లమెంటు ప్రజాప్రాతినిధ్య చట్టానికి 61-ఎ సెక్షను చేర్చింది; అది 1989 మార్చి 15 నుండి అమలులోకి వచ్చింది. యంత్రం పనిచేసినంత మాత్రాన చాలదు, చట్టసభ ఒప్పుకోవాలి అన్న సూత్రం ఇక్కడ స్థిరపడింది.

1990లో ప్రొఫెసర్ ఎస్.సంపత్ అధ్యక్షతన, ఐఐటీకి చెందిన పి.వి.ఇందిరేశన్, తిరువనంతపురం ఎలక్ట్రానిక్స్ పరిశోధన కేంద్రానికి చెందిన రావు కాసరబాద సభ్యులుగా నిపుణుల సంఘం యంత్రాన్ని పరీక్షించి సిఫారసు చేసింది. తయారీదారులు కానివారు, విషయం తెలిసినవారు కలిసి చేసిన ఇటువంటి పరీక్షే కాగ్ గాని, పార్లమెంటరీ కమిటీ గాని చేయలేని పని. 2004 లోక్‌సభ ఎన్నికలు అన్ని నియోజకవర్గాలలోనూ యంత్రాలతోనే జరిగాయి.

2010లో హైదరాబాదుకు చెందిన హరిప్రసాద్, అమెరికాకు చెందిన అలెక్స్ హాల్డర్‌మన్, నెదర్లాండ్స్‌కు చెందిన రాప్ గాంగ్రైప్ బృందం, యంత్రం చేతికి చిక్కితే దానిని మార్చవచ్చునని ప్రయోగం చేసి చూపింది. భద్రతా ఏర్పాట్ల వలన యంత్రం అలా బయటివారి చేతికి చిక్కదని ఎన్నికల సంఘం బదులిచ్చింది. ప్రయోగానికి వాడిన యంత్రం దొంగిలించబడిందన్న కేసులో హరిప్రసాద్‌ను అరెస్టు చేశారు. అయినా చర్చ ఆగలేదు. అదే ఏడాది అక్టోబరులో జరిగిన అఖిలపక్ష సమావేశంలో కాగితపు చీటీ ముద్రించే ఏర్పాటు కావాలన్న కోరిక వచ్చింది. 2013 సెప్టెంబరులో నాగాలాండ్‌లోని నోక్సెన్ ఉపఎన్నికలో వీవీప్యాట్ మొదటిసారి వాడబడింది. మరుసటి నెలలో సుప్రీంకోర్టు దానిని దశలవారీగా ప్రవేశపెట్టమని ఆదేశించింది.

తెలంగాణలో ఈ యంత్రాల సామర్థ్యానికి అసలైన పరీక్ష 2019లో ఎదురైంది. నిజామాబాదు లోక్‌సభ స్థానానికి 185 మంది పోటీ చేశారు. వారిలో అత్యధికులు గిట్టుబాటు ధర కోరుతూ నిలబడిన పసుపు, ఎర్రజొన్న రైతులు. 1996లో నల్గొండలో 480 మంది పోటీ చేసినపుడు బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. నిజామాబాదులో మాత్రం యంత్రాలే వాడారు. పాత రకం యంత్రానికి నాలుగు బ్యాలెట్ యూనిట్లు, అనగా 64 పేర్లు మాత్రమే సాధ్యం. ఎం-3 అనే కొత్త రకానికి 24 యూనిట్లు కలుపవచ్చు. ఒక్కొక్క యూనిట్‌పై 16 పేర్లు పడతాయి కాబట్టి 185 మందికి, 'నోటా'కు కలిపి ప్రతి కేంద్రంలో 12 యూనిట్లు పెట్టారు. బాన్సువాడ శాసనసభ స్థానం పాత నిజామాబాదు జిల్లాలోనిదే అయినా జహీరాబాదు లోక్‌సభ పరిధిలో ఉన్నందున అక్కడివారికి ఈ యంత్రాల వరుస కనిపించలేదు. పోలింగు జరిగిన ఏప్రిల్ 11, కాకతాళీయంగా ఈసీఐఎల్ స్థాపన దినం.

2024 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు చీటీలన్నిటినీ లెక్కించాలన్న కోరికను తిరస్కరిస్తూనే ఒక కొత్త వెసులుబాటు కల్పించింది. రెండవ, మూడవ స్థానాలలో నిలిచిన అభ్యర్థులు ఫలితం వెలువడిన ఏడు రోజులలోపు కోరితే, ఒక్కొక్క శాసనసభ పరిధిలో 5 శాతం యంత్రాల మెమరీని తనిఖీ చేయించుకోవచ్చు. అందుకు వారు రుసుము చెల్లించాలి. యంత్రంలో మార్పు జరిగినట్లు తేలితే అది తిరిగి ఇస్తారు. తనిఖీ చేసేది మాత్రం యంత్రాలను తయారుచేసిన సంస్థల ఇంజనీర్లే. తనిఖీ సమయంలో యంత్రంలోని సమాచారాన్ని చెరిపివేయవద్దని 2025 ఫిబ్రవరిలో అదే న్యాయస్థానం ఎన్నికల సంఘానికి సూచించింది.