విద్యుత్ పనిలో అప్రెంటిస్: అనుభవానికి కొలత ఏది?

రెండు గదులలో ఒకే రకం దీపాన్ని బిగించమని ఇద్దరు కుర్రవాళ్ళకు చెప్పామనుకుందాం. ఒకడు స్విచ్చిని ఫేజు తీగలో పెట్టాడు. రెండవవాడు న్యూట్రల్ తీగలో పెట్టాడు. స్విచ్చి వేస్తే రెండు దీపాలూ వెలుగుతాయి. తీస్తే రెండూ ఆరిపోతాయి. చూసేవారికి తేడా ఏమీ కనిపించదు. కాని రెండవ గదిలో దీపం ఆరిన తర్వాత కూడా హోల్డరు దగ్గర 230 వోల్టులు పొంచి ఉంటాయి. స్విచ్చి తీశాము గదా అన్న ధైర్యంతో బల్బు మార్చబోయి లోపలి లోహానికి వేలు తగిలించినవారికి అది ప్రాణాపాయం.

విద్యుత్ పనిలో అనుభవాన్ని గురించి మాట్లాడేటప్పుడు ఈ రెండు గదులనూ మరువరాదు. వడ్రంగి తలుపు వంకరగా బిగిస్తే అది ఆ రోజే తెలిసిపోతుంది. కుండకు చిల్లి ఉంటే నీరు పోయగానే కారుతుంది. విద్యుత్ పనిలో తప్పు అట్లా బయటపడదు. ఏళ్ళ తరబడి గోడలో దాగి ఉండగలదు. దీపం వెలిగినంతమాత్రాన పని సరిగా జరిగిందనటానికి వీలులేదు. అందుచేత ఈ వృత్తిలో అప్రెంటిస్‌గా చేరగోరేవారి పూర్వశిక్షణకు, పూర్వానుభవానికి విలువ కట్టేముందు వాటిని కొలిచి చూస్తారు. ఆ కొలత ఎట్లాంటిది, దానికి హైస్కూలు చదువుతో సంబంధమేమిటి అన్నవి తెలుసుకుందాం.

అప్రెంటిస్ అంటే ఎవరు?

మన దేశంలో అప్రెంటిస్ శిక్షణకు ఆధారం 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం. ఇది 1962 మార్చి 1 నుంచి అమలులోకి వచ్చింది. ఈ చట్టం ప్రకారం అప్రెంటిస్ ప్రధానంగా పని నేర్చుకునేవాడు, కార్మికుడు కాడు. శిక్షణ ఇచ్చే సంస్థకూ అతనికీ మధ్య ఒక ఒడంబడిక జరుగుతుంది. అతడు మైనరు అయితే తండ్రి గాని, సంరక్షకుడు గాని దానిపై సంతకం చేస్తారు. శిక్షణకాలంలో సంస్థ అతనికి జీతం కాదు, భత్యం ఇస్తుంది. పనిస్థలంలో చేతిపని నేర్పటంతోబాటు ఆ పనికి సంబంధించిన సిద్ధాంత పాఠాలు కూడా చెప్పించాలని చట్టమే నిర్దేశించింది. బాలురవలెనే బాలికలు కూడా చేరవచ్చు.

అర్హతలు మూడు: వయస్సు, చదువు, దేహదారుఢ్యం. కనీస వయస్సు 14 ఏళ్ళు. అపాయకరమైన పరిశ్రమలలోనైతే 18 ఏళ్ళు నిండాలని 2014లో చేసిన సవరణ చెబుతున్నది. చదువు, దేహదారుఢ్యం ఏ మేరకు ఉండాలన్నది వృత్తినిబట్టి మారుతుంది.

శిక్షణకు చట్టం కట్టిన విలువ

ముందే శిక్షణ పొంది వచ్చినవాణ్ణి మళ్ళీ మొదటినుంచి ప్రారంభించమనటం న్యాయం కాదు. ఈ సంగతిని చట్టం 6వ సెక్షనులోనే గుర్తించింది. గుర్తింపుగల విద్యాలయంలో వృత్తిశిక్షణ పొంది పరీక్షలో ఉత్తీర్ణులైనవారికి అప్రెంటిస్ కాలాన్ని వేరుగా నిర్ణయించే ఏర్పాటు చేసింది.

అట్లాంటి విద్యాలయాలే మనం ఐ.టి.ఐ.లని పిలిచే పారిశ్రామిక శిక్షణ సంస్థలు. వీటికి మూలమైన కేంద్ర ప్రభుత్వ పథకం 1950లో మొదలయింది. ఎలక్ట్రీషియన్ వృత్తిలో ఐ.టి.ఐ. చదువు రెండేళ్ళు. గణితం, సామాన్యశాస్త్రం చదివి పదవ తరగతి ఉత్తీర్ణులైనవారు ఇందులో చేరవచ్చు. చివర అఖిల భారత స్థాయిలో పరీక్ష జరిపి జాతీయ వృత్తి ధ్రువపత్రం ఇస్తారు.

చిరకాలం అమలులో ఉన్న లెక్క ఇది: కొత్తగా చేరినవారికి ఎలక్ట్రీషియన్ అప్రెంటిస్ కాలం మూడేళ్ళు, ఐ.టి.ఐ.లో ఉత్తీర్ణులై వచ్చినవారికి అందులో రెండేళ్ళు మినహాయింపు. అంటే వారికి మిగిలేది ఒక ఏడాది. పూర్వశిక్షణ విలువను చట్టం కాలంతో కొలిచిందన్నమాట. ప్రస్తుతం ఏ సంస్థలో ఎంతకాలమన్నది ఆయా ప్రకటనలలో చూసుకోవాలి.

కాగితం లేని అనుభవం

బడి మానివేసి ఒక వైరింగు మేస్త్రీ వెంట నాలుగేళ్ళు తిరిగిన కుర్రవాడి సంగతి ఏమిటి? గోడకు గాడి కొట్టటం, పైపులో తీగ లాగటం, స్విచ్చిబోర్డు కూర్చటం అతనికి బాగా వచ్చు. కొన్ని పనులలో ఐ.టి.ఐ. కుర్రవాడికన్నా అతని చెయ్యే చురుకుగా ఉండవచ్చు. కాని అతని నైపుణ్యానికి సాక్ష్యం లేదు.

సాక్ష్యం లేకపోతే ఎంత నష్టమో చూడండి. దక్షిణ మధ్య రైల్వే ఇటీవలి అప్రెంటిస్ ప్రకటనలలో పదవ తరగతి మార్కులు, ఐ.టి.ఐ. మార్కులు తీసుకొని, వాటి సగటునుబట్టి జాబితా తయారుచేస్తారు. సాధారణ అభ్యర్థులకు గరిష్ఠ వయస్సు 24 ఏళ్ళు. కొన్ని వర్గాలకు సడలింపులున్నాయి. మేస్త్రీ వెంట గడిపిన నాలుగేళ్ళకు ఆ జాబితాలో స్థానం లేదు; వయస్సు మాత్రం నాలుగేళ్ళు పెరిగింది. ఒకనాటికి ఆ ద్వారం మూసుకుపోతుంది.

ఇట్లాంటివారికి మార్గాలు లేకపోలేదు. మొదటిది, వయస్సు మించకముందే పదవ తరగతి పూర్తిచేసి ఐ.టి.ఐ.లో చేరటం. సార్వత్రిక విద్యాపీఠం ద్వారా కూడా పదవ తరగతి పూర్తిచేయవచ్చు. రెండవది, పూర్వాభ్యాసానికి గుర్తింపు పొందటం. 2015లో ప్రారంభమైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఇది ఒక భాగం. అభ్యర్థి ఎక్కడ నేర్చాడన్నదాన్ని పక్కనబెట్టి, ఏమి చేయగలడో పరీక్షించి, నెగ్గితే ధ్రువపత్రం ఇస్తారు. అయితే ఈ పత్రం ఐ.టి.ఐ. పత్రంతో అన్నిచోట్లా సమానమని అనుకోరాదు. చేరదలచిన సంస్థ దాన్ని అంగీకరిస్తుందో లేదో ముందే విచారించాలి. మూడవది, నిర్ణీత అనుభవం చూపగలవారిని ప్రైవేటు అభ్యర్థులుగా వృత్తి పరీక్షకు కూర్చోనిచ్చే ఏర్పాటు. దాని నిబంధనలు దగ్గరలోని ప్రభుత్వ ఐ.టి.ఐ.లో తెలుసుకోవచ్చు.

మరొక సంగతి. విద్యుత్ పని ఎవరుబడితే వారు చేయరాదని మన నియమాలు ఏనాడో చెప్పాయి. లైసెన్సుగల కాంట్రాక్టరు ద్వారా, యోగ్యతాపత్రంగల సూపర్వైజరు పర్యవేక్షణలో, పర్మిట్టుగల పనివాడు చేయాలని 1956 నాటి భారత విద్యుత్ నియమాలలోని 45వ నియమం శాసించింది. తర్వాత వచ్చిన 2010, 2023 భద్రతా నిబంధనలు కూడా ఇదే పద్ధతిని కొనసాగించాయి. కాబట్టి “ఎన్నేళ్ళు పనిచేశావు?” అన్న ప్రశ్న వెంట “ఎవరి పర్యవేక్షణలో?” అన్న ప్రశ్న కూడా వస్తుంది.

చెయ్యి నేర్చింది, లెక్క నేర్పేది

ఇన్ని పరీక్షలు ఎందుకని అనిపించవచ్చు. ఒక ఉదాహరణ తీసుకుందాం. “ఫ్యూజు ఉంది గదా, షాకు కొట్టినా ఫరవాలేదు” అనే మాట పని చేసేచోట వినబడుతుంటుంది. ఓమ్ సూత్రంతో దీన్ని పరీక్షించవచ్చు. వోల్టులను ఓములతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. మనిషి శరీర నిరోధం చర్మం తడిగా ఉందా, పొడిగా ఉందా అన్నదాన్నిబట్టి మారుతుంది. సుమారు 1000 ఓములనుకుందాం. 230ని 1000తో భాగిస్తే 0.23 ఆంపియరు. పాతకాలపు 60 వాట్ల బల్బు తీసుకునే ప్రవాహం 0.26 ఆంపియరు. అంటే మనిషిని చంపగల ప్రవాహం ఒక బల్బు తీసుకునే ప్రవాహంకన్నా తక్కువే. 5 ఆంపియర్ల ఫ్యూజుకు అది లెక్కలోకే రాదు. ఫ్యూజు తీగను కాపాడటానికి పెట్టినది. మనిషిని కాపాడటానికి కాదు.

మరి మనిషిని కాపాడేది ఏది? భూమికి కలిపిన తీగ, అంటే ఎర్తు. బల్లమీది ఫానులో ఫేజు తీగ తొడుగు చిరిగి ఇనుప భాగానికి తగిలిందనుకోండి. ఎర్తు మార్గం నిరోధం మొత్తం 2 ఓములైతే దానిలో 115 ఆంపియర్ల ప్రవాహం పోతుంది. ఫ్యూజు తక్షణం కరిగి ఫాను నిర్జీవమవుతుంది. కాని ఎండిన నేలలో ఒక పైపుముక్క పాతి, దానికి తీగ చుట్టి “ఎర్తు పెట్టాము” అంటే నిరోధం 100 ఓములు ఉండవచ్చు. అప్పుడు ప్రవాహం 2.3 ఆంపియర్లే. ఫ్యూజు కరగదు. ఫాను తిరుగుతూనే ఉంటుంది. దాని ఇనుప భాగంమీద దాదాపు 230 వోల్టులు నిలిచి ఉంటాయి. ముట్టుకునే చెయ్యి కోసం ఎదురుచూస్తూ ఉంటాయి.

రెండు ఇళ్ళలోనూ ఎర్తు తీగ ఉన్నది. రెండూ కంటికి ఒకేవిధంగా కనిపిస్తాయి. తేడా తెలిపేది మెగ్గరు, ఎర్తు టెస్టరు వంటి కొలత పరికరాలూ, వాటి అంకెలను చదవగల బుద్ధీ మాత్రమే. ఫేజులో పోయిన ప్రవాహానికీ న్యూట్రల్‌లో తిరిగివచ్చిన ప్రవాహానికీ 30 మిల్లీ ఆంపియర్ల తేడా రాగానే సరఫరాను తెంచివేసే ఆర్.సి.సి.బి. అనే సాధనాన్ని ఈనాడు ఇళ్ళలో అమర్చటానికి కారణం కూడా ఈ లెక్కే. ఫ్యూజు పట్టించుకోని స్వల్ప ప్రవాహాన్ని ఇది పట్టుకుంటుంది.

నాలుగేళ్ళ అనుభవం వంద ఎర్తులు పెట్టటం నేర్పవచ్చు. ఆ వందలో ఎన్ని పనికివస్తాయో చెప్పటానికి కొలత కావాలి. అర్హత పరీక్ష వెతికేది ఈ రెండవ జ్ఞానాన్నే.

బీజగణితం పని

అమెరికాలో విద్యుత్ కార్మికుల సంఘం, కాంట్రాక్టర్ల సంఘం కలిసి నడిపే అప్రెంటిస్ శిక్షణ ఐదేళ్ళు. అందులో సుమారు 8000 గంటలు పనిస్థలంలోనే గడుస్తాయి. అంతగా చేతిపనికి ప్రాధాన్యమిచ్చే ఆ శిక్షణలో చేరటానికి చాలాచోట్ల హైస్కూలులో ఏడాదిపాటు బీజగణితం చదివి ఉత్తీర్ణులై ఉండాలి. ప్రవేశ పరీక్షలో బీజగణితం, చదివినదాన్ని అర్థం చేసుకునే శక్తి చూస్తారు.

ఇది వింతగా తోచవచ్చు గాని, వంటకు వాడే విద్యుత్ పొయ్యిని చూస్తే కారణం తెలుస్తుంది. కొన్ని పొయ్యిలలో రెండు తీగచుట్టలు, మూడు మెట్ల స్విచ్చి ఉంటాయి. ఒక్కొక్క చుట్ట నిరోధం సుమారు 53 ఓములనుకుందాం. ఒక చుట్టనే కలిపితే 1000 వాట్లు. రెంటినీ సమాంతరంగా కలిపితే నిరోధం సగమై 2000 వాట్లు. శ్రేణిలో కలిపితే నిరోధం రెట్టింపై 500 వాట్లు. చుట్ట ఎర్రదనం చూసి “ఇది చిన్న మంట” అని అలవాటు చెప్పగలదు. ఆ స్విచ్చిలో ఒక తీగ తెగినప్పుడు ఏ మెట్టు ఎందుకు పనిచేయటం లేదో చెప్పగలిగేది మాత్రం లెక్కే. ఓమ్ తన సూత్రాన్ని 1827లో ప్రకటించటానికి ముందు కొలోన్ నగరంలో ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడుగా పనిచేశాడని మన ఉపాధ్యాయులు తమ విద్యార్థులకు చెప్పవచ్చు.

ఒక పుస్తకాల బైండరు

కాగితం లేని అనుభవాన్ని కాగితంమీద పెట్టి చూపినవాడు ఒకడున్నాడు. లండనులో ఒక కమ్మరి కుమారుడు 1805లో, 14వ ఏట, పుస్తకాలు బైండు చేసే దుకాణంలో అప్రెంటిస్‌గా చేరాడు. ఏడేళ్ళ ఒడంబడిక. బైండు చేయటానికి వచ్చిన పుస్తకాలను చదువుతూ, తెలిసినంతమేరకు ప్రయోగాలు చేసి చూచేవాడు. 1812లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు వినే అవకాశం దొరికింది. విన్నదంతా శుభ్రంగా వ్రాసి, బొమ్మలు వేసి, తన చేతితోనే బైండు చేసి డేవీకి పంపాడు. 1813 మార్చిలో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ప్రయోగశాలలో సహాయకుడుగా ఉద్యోగం వచ్చింది. అతడే మైకేల్ ఫారడే. ఈనాటి జనరేటర్లకు, ట్రాన్స్‌ఫార్మర్లకు ఆధారమైన విద్యుదయస్కాంత ప్రేరణను 1831లో కనుగొన్నాడు. సైన్సులో పట్టం లేని ఆ యువకునికి పట్టం స్థానంలో నిలిచింది ఆ నోటుపుస్తకమే.

పని నేర్చుకుంటున్న ప్రతి విద్యార్థీ అట్లాంటి పుస్తకం ఒకటి పెట్టుకోవచ్చు. తేదీ, పని జరిగిన చోటు, చేసిన పని, వాడిన తీగ పరిమాణం, తీసుకున్న కొలతలు, వైరింగు పటం వ్రాసుకోవాలి. పర్యవేక్షించినవారి సంతకం, వారి పర్మిట్టు సంఖ్య కూడా ఉంటే మంచిది. ఈ పుస్తకం ధ్రువపత్రం కాదు. కాని పరీక్షకుని ముందు నోటిమాటకన్నా ఎంతో గట్టిగా మాట్లాడుతుంది. వ్రాస్తూ ఉంటే తనకు తెలియనిదేమిటో తనకే తెలిసివస్తుంది.

ఉపాధ్యాయులు చేయగలిగిన పని కూడా ఉన్నది. బడి మానివేసి వైరింగు పనికి పోయే పిల్లలు ప్రతి ఊరిలోనూ ఉంటారు. అట్లాంటి పిల్లవాడు కనిపించినప్పుడు పదవ తరగతి పూర్తిచేయమని, వయస్సు పరిమితిని గుర్తుంచుకోమని, పుస్తకం పెట్టమని చెప్పటానికి ఐదు నిమిషాలు చాలు. తరగతిలో ఓమ్ సూత్రం చెప్పే రోజున 100 ఓముల ఎర్తు లెక్కను నల్లబల్లపై చేయించటానికి మరో ఐదు నిమిషాలు చాలు. మొదటి మాట ఒకని జీవనోపాధికి దారి చూపవచ్చు. రెండవది ఒకరి ప్రాణం నిలపవచ్చు.