పాత బోర్డులో కొత్త ర్యామ్: సగం ఎక్కడ మాయమైంది?

1998లో ఇంటెల్ కంపెనీ 440 బి.ఎక్స్. అనే చిప్ సెట్‌ను విడుదల చేసింది. దాన్ని అమర్చిన మదర్ బోర్డుల్లో ర్యామ్ 100 మెగాహెర్ట్స్ వేగంతో పని చేసేది. ఆ తరవాత కొద్ది కాలానికే 133 మెగాహెర్ట్స్ ర్యామ్ పలకలు బజారులోకి వచ్చాయి. 256 మెగాబైట్ల కొత్త పలకను కొని ఈ బోర్డులో పెట్టిన కొందరికి ఒక వింత ఎదురైంది. కంప్యూటరు చక్కగా పని చేసింది. కాని తెర మీద 128 మెగాబైట్లే కనిపించాయి!

పలక పాడైందా? లేదు. మరో కొత్త బోర్డులో పెడితే అదే పలక పూర్తిగా 256 చూపించేది. మరి మిగతా సగం ఏమైంది? వేగం ఎక్కువ కావటమే కారణమా? చూద్దాం.

వేగం అడ్డు కాదు

మదర్ బోర్డు మీద ఒక గడియారం ఉంటుంది. అది విద్యుత్తుతో తాళం వేస్తూంటుంది. 100 మెగాహెర్ట్స్ అంటే సెకనుకు 10 కోట్ల తాళాలు. తాళానికీ తాళానికీ మధ్య 10 నానోసెకన్లు. సెకనులో 100 కోట్లో వంతే నానోసెకను. 133 మెగాహెర్ట్స్ అయితే ఆ వ్యవధి ఏడున్నర నానోసెకన్లే.

పలక మీద రాసిన 133 అనే అంకె దాని హద్దును చెబుతుంది. అంతకన్నా నెమ్మదిగా నడిపినా పలకకు ఇబ్బంది లేదు. కోలాటంలో వేగంగా అడుగు వేయగలవాడు నెమ్మది తాళానికి ఆడలేడా? అలాగే ఈ పలక కూడా పాత బోర్డులో 100కే నడుస్తుంది. దీనికి తిరగేసిన సంగతి మాత్రం ప్రమాదం. 100 పలకను 133 తాళానికి నడిపితే, బోర్డు అడిగే వేళకు సమాచారం సిద్ధంగా ఉండకపోవచ్చు. అప్పుడు తప్పులు వస్తాయి.

చిక్కంతా చిరునామాలో

ర్యామ్ చిప్‌లో సమాచారం గళ్ళలో ఉంటుంది. గళ్ళు అడ్డ వరసలుగా, నిలువు వరసలుగా ఉంటాయి. ఏ గడి కావాలో బోర్డు కొన్ని తీగల ద్వారా చెబుతుంది. ఒక్కొక్క తీగలో విద్యుత్తు ఉంటే 1, లేకపోతే 0. ఒక తీగతో 2 చిరునామాలు, రెండింటితో 4, మూడింటితో 8. ఇలా తీగ పెరిగినప్పుడల్లా చిరునామాలు రెట్టింపవుతాయి.

బి.ఎక్స్. బోర్డులో అడ్డ వరసలకు 12 తీగలు. అంటే 4096 వరసలు. మనం చెప్పుకుంటున్న చిప్‌లలో నిలువు వరసలు 1024. ఇలాంటి అరలు చిప్‌లో 4 ఉంటాయి. 4096ను 1024తోనూ, 4తోనూ గుణిస్తే సుమారు 1 కోటి 68 లక్షల గళ్ళు. గడికి ఒక బైటు చొప్పున కంప్యూటరు లెక్కలో ఇది 16 మెగాబైట్లు. ఇలాంటి చిప్‌లు 8 ఉంటే 128 మెగాబైట్లు!

కొత్త 256 పలక మీద కూడా చిప్‌లు 8 మాత్రమే. కాని ఒక్కొక్క దానిలో 8192 అడ్డ వరసలున్నాయి. వాటికి 13 తీగలు కావాలి. పాత బోర్డు పంపగలిగేది 12 మాత్రమే. ఇంటి నెంబరుకు రెండు అంకెల చోటే ఉన్న కార్డు మీద 150వ ఇంటికి ఉత్తరం రాయగలమా? ఇల్లు ఉంది, ఉత్తరమే చేరదు. మాయమైన సగం కథ ఇదే.

విచిత్రమేమంటే, 16 చిప్‌లున్న 256 పలక అదే బోర్డులో పూర్తిగా పని చేసేది. అందులో ఒక్కొక్క చిప్ 16 మెగాబైట్లదే. రెండో ఎనిమిదింటిని పిలవటానికి బోర్డులో వేరే తీగ ఉంది.

గాడి చెప్పే మాట

తరవాత వచ్చిన డి.డి.ఆర్. రకాల సంగతి వేరు. పాత ఎస్.డి. ర్యామ్‌కు 3.3 వోల్టులు కావాలి. డి.డి.ఆర్.కు 2.5, డి.డి.ఆర్.2కు 1.8, డి.డి.ఆర్.3కి 1.5, 2012లో ప్రమాణం వెలువడిన డి.డి.ఆర్.4కు 1.2, 2020 నాటి డి.డి.ఆర్.5కు 1.1 వోల్టులు. ఒకదాని చోట మరొకటి పెట్టకుండా పలక అంచున ఉండే గాడిని ఒక్కొక్క రకానికి ఒక్కొక్క చోట కోస్తారు. కాబట్టి పలక దిగకపోతే బలవంతంగా నొక్కకూడదు.

ఈ లెక్కలన్నీ ఎందుకంటారా? ర్యామ్ చాలక నెమ్మదించిన కంప్యూటర్లు ఎన్నో చెత్తలో చేరుతున్నాయి. పాత బోర్డుల టంకంలో సీసం ఉంది. అది నేలకూ నీటికీ విషమే. తగిన పలక దొరికితే ఆ యంత్రం మరి కొన్నేళ్ళు ఉపయోగపడవచ్చు. అందుకు మూడు సంగతులు గమనించాలి: గాడి ఎక్కడుంది, వేగం బోర్డు వేగానికి తగ్గకుండా ఉందా, చిప్‌లు ఎన్ని. బడిలో పాత కంప్యూటరు ఉంటే కరెంటు తీగ పీకేసి, ఉపాధ్యాయుల సమక్షంలో మూత తీసి చూడండి.

ఇక మీకొక లెక్క. పైన చెప్పిన చిప్‌లో అడ్డ వరసల తీగలు 14 అయితే, అందులో ఎన్ని మెగాబైట్లు పడతాయి?