కీమో, జుట్టు, విగ్గు: క్వార్టర్లలో తిరిగే మాటలు, అసలు సంగతులు

గోదావరిఖనిలో సింగరేణి బొగ్గు కంపెనీ కుటుంబాల్లో క్యాన్సర్ అనుమానం వస్తే ముందు ఏరియా ఆసుపత్రి, అక్కడ రెఫర్ చేస్తే హైదరాబాద్. కంపెనీ కార్డు లేనివాళ్లు ఆరోగ్యశ్రీ మీద రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ఆసుపత్రికి పోతారు. రామగుండం స్టేషన్‌లో భాగ్యనగర్ రైలు ఎక్కకముందే సలహాలు మొదలవుతాయి. గోడకు గోడ ఆనుకున్న క్వార్టర్లలో ఏ సంగతీ దాగదు. అందుకే ఇక్కడ చాలామంది ఆడవాళ్లకు సూదుల కంటే, జుట్టు ఊడితే నలుగురికీ తెలిసిపోతుందన్న భయమే ఎక్కువ. ఆ భయాన్ని ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దు. కానీ దాని చాటున పెరిగే తప్పుడు మాటల వల్ల డబ్బు పోతుంది, ఒక్కోసారి చికిత్సే వెనకబడుతుంది.

"కీమో ఎక్కిస్తే ఎంటికలన్నీ ఊడుడే!"

అందరికీ అలా జరగదు. అది ఏ మందు ఇస్తున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే ఎర్రమందు డాక్సోరుబిసిన్, పాక్లిటాక్సెల్, డోసిటాక్సెల్ వంటివాటితో దాదాపు జుట్టంతా పోతుంది. పెద్దపేగు క్యాన్సర్‌కు వాడే కేపెసిటబిన్ మాత్రలతో చాలామందికి పలచబడటమే తప్ప గుండు కాదు. రేడియేషన్ అయితే కిరణాలు పడిన చోటే ఊడుతుంది. రొమ్ముకు ఇస్తే తల మీది జుట్టు పోదు. కాబట్టి మొదటి డోసుకు ముందే డాక్టర్ని మందు పేరు అడిగి, "ఈ మందుతో జుట్టు పోతదా?" అని సూటిగా అడగండి.

పోయే మందే అయితే మొదటి డోసు తర్వాత రెండు మూడు వారాలకు మొదలవుతుంది. ముందు మాడు సలుపుతుంది, దువ్వెన తగిలితే నొప్పి. తర్వాత దిండు మీద, స్నానాల గదిలో కుచ్చులు కుచ్చులుగా కనిపిస్తుంది. కీమో మందు వేగంగా విభజన చెందే కణాలను దెబ్బతీస్తుంది. తల వెంట్రుకల్లో 85 నుంచి 90 శాతం ఎప్పుడూ పెరిగే దశలోనే ఉంటాయి గనుక వాటి కుదుళ్లూ దెబ్బతింటాయి. జుట్టు ఊడితేనే మందు పనిచేస్తున్నట్టు, ఊడకపోతే చేయనట్టు అనుకోవడం మాత్రం పూర్తిగా తప్పు. పనితీరు స్కానింగుల్లో తెలుస్తుంది, దువ్వెనలో కాదు.

"నున్నగ గుండు కొట్టిస్తే మళ్లీ ఒత్తుగ వస్తది."

కత్తి పెట్టినంత మాత్రాన కుదురు మారదు. పైగా మంగలి కత్తితోనే ప్రమాదం. డోసు పడిన వారం పది రోజులకు రక్తంలో తెల్లకణాలు తగ్గుతాయి, ప్లేట్‌లెట్లూ తగ్గవచ్చు. చిన్న గాటు పడినా చీము పట్టే అవకాశం ఉంటుంది, రక్తం త్వరగా ఆగదు. తీయించుకోవాలనుకుంటే శుభ్రమైన ట్రిమ్మర్‌తో పొట్టిగా కత్తిరించుకుంటే చాలు. ఒకేసారి పొడవాటి జడ ఊడిపోవడం చూడలేనివాళ్లు ముందే క్రాఫు చేయించుకోవడం మంచిదే. కానీ అది ఆమె నిర్ణయం. అత్తో ఆడపడుచో తొందరపెట్టేది కాదు.

"ఐసు పెడితే, నూనె పెడితే ఆగుతది."

తలను చల్లబరిచే యంత్రం నిజంగానే ఉంది. మందు ఎక్కేముందు, ఎక్కుతున్నంతసేపూ, తర్వాత గంటకు పైగా ఒక టోపీ ద్వారా మాడును చల్లగా ఉంచుతారు. రక్తనాళాలు ముడుచుకుని కుదుళ్లకు మందు తక్కువ చేరుతుంది. అందరికీ ఫలితం రాదు. రక్త క్యాన్సర్లకు వాడరు. దాన్ని చూసి ఇంట్లో ఐసు ముక్కలు తువ్వాల్లో చుట్టి నెత్తిన పెడితే చర్మం కమిలిపోతుంది తప్ప జుట్టు నిలవదు. కీమోతో ఊడే జుట్టును ఆపే నూనె ఏదీ లేదు. బయోటిన్ మాత్రలూ అంతే. పైగా అవి కొన్ని రక్తపరీక్షల ఫలితాలను తారుమారు చేస్తాయి. డాక్టరుకు చెప్పకుండా మింగొద్దు.

"పెద్ద పైసల విగ్గే మంచిది, అసలు ఎంటికలదే కొనాలె."

ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. అసలు వెంట్రుకల విగ్గుకు ధర ఎన్నో రెట్లు. బరువూ ఎక్కువే. తలంటిన ప్రతిసారీ మళ్లీ దువ్వి తీర్చిదిద్దాలి. జాగ్రత్తగా వాడితే ఏడాదికి మించి వస్తుంది. కృత్రిమ నారది తేలిక, ఉతికినా తీరు చెదరదు, రోజూ పెట్టుకుంటే కొన్ని నెలలు వస్తుంది. కీమో, ఆ తర్వాత జుట్టు మొలిచే కాలం కలిపినా చాలామందికి విగ్గు అవసరం ఏడాది దాటదు. ఆ మాత్రానికి అప్పు చేయాల్సిన పని లేదని నా అభిప్రాయం.

కృత్రిమ విగ్గుకు వేడి పడదు. కుక్కర్ మూత తీసినప్పుడు తగిలే ఆవిరికి ముందు కుచ్చు పీచులా చిట్లిపోతుంది, మళ్లీ చక్కబడదు. వంటింట్లో తీసేసి నూలు స్కార్ఫ్ కట్టుకోండి. కొబ్బరినూనె రాయొద్దు; మన బొగ్గుదుమ్ము దానికి అంటుకుని జిడ్డు కడుతుంది. చల్లటి నీళ్లలో కాస్త షాంపూ కలిపి ముంచి తీసి, పిండకుండా నీడన ఆరేయాలి.

కొనడానికి జుట్టు ఉండగానే వెళ్లడం మేలు. మీ ఫొటో ఒకటి, చిన్న వెంట్రుకల పాయ ఒకటి తీసుకెళితే రంగు కుదురుతుంది. నల్లగా నిగనిగలాడేది కొంటే యాభై ఏళ్లావిడకు ఇట్టే తెలిసిపోతుంది. సొంత రంగు కంటే కొంచెం లేతది నప్పుతుంది. పాపిట దగ్గర వేలితో విడదీసి చూడండి: కింద చర్మం రంగు అడుగు కనబడాలి, కుట్లు కాదు. జుట్టు పోయాక తల చుట్టుకొలత తగ్గుతుంది గనుక వెనక బిగించుకునే పట్టీలు ఉండాలి. లోపల పలుచటి నూలు టోపీ తప్పనిసరి. రామగుండంలో మే నెలలో 45 డిగ్రీలు దాటే ఎండకు రోజంతా విగ్గు ఎవరివల్లా కాదు. బతుకమ్మకో పెళ్లికో విగ్గు, ఇంట్లో స్కార్ఫ్, పడుకునేటప్పుడు ఏమీ లేకుండా: ఎక్కువమందికి కుదిరే పద్ధతి ఇదే.

"ఎవరి ఎంటికలో ఏమో, రోగాలొస్తయి."

తిరుమల కల్యాణకట్టలో భక్తులిచ్చిన తలనీలాలను దేవస్థానం పొడవును బట్టి వేరుచేసి వేలం వేస్తుంది. ఏలూరు చుట్టుపక్కల ఈ వ్యాపారం మీద బతికే కుటుంబాలు ఎన్నో. విగ్గుగా మారేలోపు ఆ జుట్టును చిక్కు తీసి, కడిగి, రసాయనాలతో శుద్ధి చేస్తారు. క్యాన్సర్ జుట్టు ద్వారానో దువ్వెన ద్వారానో అంటదు. కీమో తీసుకుంటున్న అమ్మమ్మ పక్కన మనవడిని కూర్చోనివ్వని ఇళ్లకు ఈ మాట గట్టిగా చెప్పాలి. అయితే పిల్లాడికి జలుబో జ్వరమో ఉంటే ఆమె కోసమే దూరం ఉంచండి.

"మొగోళ్లకేంది, గుండైనా నడుస్తది."

మగవాళ్లకు మీసం, కనుబొమలు, రెప్పలు కూడా పోతాయి. అద్దంలో తన ముఖం తనదిలా కనబడక డ్యూటీ దోస్తులను కలవడం మానేసేవాళ్లుంటారు. ముక్కులో వెంట్రుకలూ పోతాయి గనుక ఊరికే ముక్కు కారుతుంది, దుమ్ము లోపలికి పోతుంది. బయటికి వెళితే మాస్కు పెట్టుకోవాలి. కంటికి ఎండ, దుమ్ము తగలకుండా కళ్లద్దాలు వాడాలి.

"పోయిన జుట్టు పోయినట్టే."

కీమో ముగిసిన ఒకటి నుంచి మూడు నెలల్లో మెత్తటి నూగు మొదలవుతుంది, ఆరు నెలలకు తల కప్పేంత వస్తుంది. మొదట్లో ఉంగరాలుగానో వేరే రంగులోనో రావచ్చు. చాలామందికి తర్వాత మామూలవుతుంది. ఈలోపు రంగు వేయడానికి తొందరపడొద్దు, డాక్టరును అడిగాకే. డోసిటాక్సెల్ వాడిన కొద్దిమందికి జుట్టు పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే టామోక్సిఫెన్, లెట్రోజోల్ మాత్రలు వాడుతున్నంత కాలం పలచగా ఉండటమూ మామూలే, దానికోసం ఆ మాత్రలు మాత్రం ఆపొద్దు. ఆరు నెలలు దాటినా మాడు కనబడుతుంటే తిరిగి చూపించుకోవడానికి వెళ్లినప్పుడు చెప్పండి. థైరాయిడ్, రక్తంలో ఇనుము పరీక్షించి, అవసరమైతే చర్మవైద్యుల దగ్గరికి పంపిస్తారు.