చిలుకలో ప్రాణమున్నదని చెప్పించినది ఎవరు?

"మాయల ఫకీరు ప్రాణం చిలుకలో ఉన్నట్లు" అన్న మాట తెలియని తెలుగువారు అరుదు. ఒక వ్యవస్థకు ఆయువుపట్టు ఎక్కడో దూరాన, ఎవరూ ఊహించని చోట దాగి ఉన్నప్పుడు ఈ మాట వాడుతూ ఉంటాము. కంట్రోల్ రూములో సైతం, యూనిట్ అంతా ఒక చిన్న రిలేను నమ్ముకొని నడుస్తున్నదని తేలిననాడు మాలో ఎవరో ఒకరు ఈ మాట అనక మానరు. అయితే ప్రాణం చిలుకలో ఉన్నదన్న రహస్యాన్ని ఆ ఫకీరు నోట పలికించినది ఎవరు అని అడిగి చూడండి. చాలామంది తడుముకొని బాలవర్ధిరాజు పేరు చెబుతారు. నిజానికి ఆ పని చేసినది అతని తల్లి బాలనాగమ్మ. ఏడు సముద్రాలు దాటి చిలుకను పట్టి తెచ్చినవాడు మాత్రమే కుమారుడు.

ఈ ప్రస్తావన తెచ్చుటకు కారణం మన కాలనీలలోని ఆడపిల్లలు చదువుతున్న పుస్తకాలు. నోయిడా, గజియాబాద్, ఫరీదాబాద్, గురుగ్రామ్ క్వార్టర్లలో తొమ్మిదో తరగతి మొదలు కళాశాల వరకు గల బాలికల చేతులలో ఐదారువందల పుటల ఆంగ్ల నవలలు కనిపిస్తున్నాయి. అట్టపై కత్తి పట్టిన కన్య, వెనుక ఒక కోట, పైన ఒక డ్రాగన్. వీటిని 'యంగ్ అడల్ట్ ఫాంటసీ' అంటున్నారు. వాటిలో పెద్ద భాగం సిండ్రెల్లా, నిద్రపోయిన రాకుమారి వంటి పాతకథలను నాయిక పక్షాన తిరిగి చెప్పినవే. దరియాగంజ్ ఆదివారపు పాతపుస్తకాల బజారు 2019లో కాలిబాట నుండి మహిళా హాట్ ఆవరణకు మారింది. పిల్లలూ ఆ చిరునామాకే మారారు. అక్కడ కిలోల లెక్కన కొని, సంచీ నింపుకొని మెట్రో ఎక్కుతున్నారు.

తల్లిదండ్రులలో కొందరికి ఇది నచ్చుట లేదు. జె.ఇ.ఇ. పుస్తకాల నడుమ ఈ మంత్రతంత్రాలేమిటని ఒకరు, మన సంస్కృతి కాదని ఒకరు, ఆడపిల్ల కత్తి పట్టుట ఏమి ముచ్చటని మరొకరు. మొదటి ఆక్షేపణకు మా వద్ద సమాధానం లేదు. పరీక్ష తేదీలను మంత్రంతో వాయిదా వేయించలేము. రెండవ దానిని మాత్రం కొంత తరచి చూడవలసి ఉన్నది.

1868లో లండనులో 'ఓల్డ్ డెక్కన్ డేస్' అను కథాసంపుటం వెలువడింది. భారతీయుల నోట విన్న కథలను ఆంగ్లంలో గ్రంథస్థం చేసిన తొలి సంపుటాలలో ఇదొకటి. సంకలనకర్త మేరీ ఫ్రియర్, నాటి బొంబాయి గవర్నరు బార్టిల్ ఫ్రియర్ కుమార్తె. కథలు చెప్పినది వారింటి ఆయా, ఆన్నా లిబరాటా డిసౌజా. ఆమెకు ఆ కథలు చెప్పినది ఆమె అవ్వ. అందులో మొదటి కథ పేరు 'పంచ్‌కిన్'. ఒక రాజుకు ఏడుగురు కుమార్తెలు, కడగొట్టు పిల్ల పేరు బాల్నా. ఒక మాంత్రికుడు ఫకీరు వేషంలో వచ్చి ఆమెను నల్లని కుక్కపిల్లగా మార్చి తీసికొనిపోతాడు. పన్నెండేండ్లు చెరలో ఉంచుతాడు. ఊయలలో విడిచిన కుమారుడు పెద్దవాడై, తోటమాలి ఇంట చేరి, పూలు అందించే నెపంతో తల్లిని కలుసుకుంటాడు.

తెలుగు పాఠకునికి ఇక మిగతా కథ చెప్పనక్కరలేదు. బాల్నా మన బాలనాగమ్మకు అక్కో చెల్లెలో కావలెను. ఏడుగురిలో కడసారి పిల్ల, కుక్క రూపం, చెర, పూలమ్మే ముసలిదాని ఇల్లు, చిలుక అన్నీ మనకు తెలిసినవే. మన కథలో నాగళ్ళపూడి గట్టు ఉన్నది, అక్కడ పేరులేని ఒక బురుజు. అంతే భేదం.

పంచ్‌కిన్ కథలో ఒక ఘట్టం మమ్ములను బాగా ఆకట్టుకున్నది. బాల్నా మాంత్రికునితో పెండ్లికి మెత్తబడినట్లు నటించి, నీవంటి మహానుభావునికి చావన్నది ఉండదా అని అమాయకంగా అడుగుతుంది. వాడు పొంగిపోయి, లక్షల క్రోసుల దూరాన అడవి, అడవి నడుమ తాటిచెట్ల వలయం, దాని మధ్య ఒకదానిపై ఒకటిగా ఆరు నీటి కుండలు, వాటి అడుగున పంజరం, అందులో పచ్చని చిలుక అని సర్వం వరుసగా చెప్పేస్తాడు. డ్రాయింగు కాపీ చేతికిచ్చినట్లే! శత్రువు అహంకారం ఎక్కడ పలచగా ఉన్నదో గ్రహించి అక్కడ తట్టుట సామాన్యమైన తెలివి కాదు. పన్నెండేండ్లు మనసు చెదరకుండా నిలుచుట అంతకంటె గొప్పది.

కథలకు కూడ పరికరాలకువలె నంబర్లు ఇచ్చే పద్ధతి ఒకటున్నదని తెలిసి మేము సంతోషించాము. ఫిన్లండుకు చెందిన ఆంటి ఆర్నె 1910లో ప్రారంభించిన ఈ పట్టికను అమెరికాకు చెందిన స్టిత్ థాంప్సన్ విస్తరించగా, జర్మనీకి చెందిన హాన్స్ యోర్గ్ ఊథర్ 2004లో సవరించినాడు. శరీరం వెలుపల ప్రాణం దాచుకొన్న రాక్షసుని కథ అందులో 302వ సంఖ్య. నార్వేలో రాక్షసుని గుండె ఒక గ్రుడ్డులో ఉన్నది. రష్యాలో కొష్చేయ్ చావు గ్రుడ్డులోని సూదిమొనలో ఉన్నది. నార్వే కథలో రహస్యం రాబట్టినది చెరలోని రాకుమారి, రష్యా కథలు కొన్నిటిలోనూ అంతే. చంపినది మాత్రం బయటి నుండి వచ్చిన వీరుడు. దోషం ఎక్కడున్నదో కనిపెట్టినవారు ఒకరు, చివరి బోల్టు తిప్పినవారు మరొకరు. ప్రారంభోత్సవం నాడు మీట నొక్కినవారి ఛాయాచిత్రమే పత్రికలో పడుట లోకరీతి గదా! (మన గృహపత్రిక సంపాదకులు ఈ వాక్యాన్ని ఉంచుతారని ఆశ.)

నోటి కథ అచ్చుకెక్కునప్పుడు నాయిక పాత్ర తరుగుట మరియొకచోట ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఎర్రటోపీ పిల్ల కథను 1697లో ఫ్రాన్సులో అచ్చువేసిన పెరో, పిల్లను తోడేలుకు ఆహారం చేసి కథ ముగించి, ఆడపిల్లలు జాగ్రత్తగా ఉండవలెనని నీతి జోడించినాడు. 1812లో గ్రిమ్ సోదరులు ఒక వేటగాని రప్పించి, తోడేలు పొట్ట కోయించి పిల్లను కాపాడినారు. పందొమ్మిదవ శతాబ్దంలో ఫ్రాన్సు పల్లెలలో సేకరించిన మౌఖిక కథలో మాత్రం వేటగాడు లేడు. పిల్ల బయటికి పోవలెనని తోడేలుతో చెబుతుంది. తోడేలు ఆమె కాలికి త్రాడు కట్టి పంపుతుంది. ఆమె ఆ త్రాడును విప్పి రేగుజాతి చెట్టు ఒకదానికి ముడివేసి ఇంటికి పరుగెత్తుతుంది. పొయ్యి వద్ద కూర్చుండి పల్లెటూరి జనం చెప్పుకొన్న కథలో పిల్లకు తెలివి ఉన్నది. రాజధానిలో పండితుడు సవరించిన కథలో ఆ తెలివి లేదు. కాబట్టి నేటి నవలాకారులు నాయికకు బలం క్రొత్తగా తెచ్చి పెట్టుట లేదు. తీసివేసినదానిలో కొంత తిరిగి ఇస్తున్నారు.

మనవద్ద ఏమి జరిగినది? బుర్రకథలవారు బాలనాగమ్మను ఊరూరా పాడినారు. 1942లో జెమినీవారు చిత్తజల్లు పుల్లయ్య దర్శకత్వంలో చిత్రం తీసినారు. కాంచనమాల నాయిక. అయినను ఆ చిత్రం చూసిన పెద్దలు దశాబ్దాల తరబడి చెప్పుకొన్నది గోవిందరాజుల సుబ్బారావు గారి మాంత్రికుని గురించే. 1959లో మరల తీసినప్పుడు అంజలీదేవి, రామారావు, రంగారావు నటించినారు. అప్పుడును పేరు ఆమెది, భయం మాంత్రికునిది. 1947 జూలైలో మొదలైన చందమామ మా తరానికి అద్భుతరసం పంచి పెట్టినది. దాసరి సుబ్రహ్మణ్యం గారి ధారావాహికల కొరకు పోస్టుమాన్ రాకను కాచుకొన్నవారము మేము. ఆ లోయలలో, దుర్గాలలో సాహసయాత్ర చేసినవారు దాదాపు అందరూ యువకులే. మాతోపాటే ఆ సంచికలు చదివిన మా అక్కచెల్లెండ్రు తమను ఎవరిలో చూసుకొన్నారో మేము ఏనాడూ అడుగలేదు.

స్త్రీల పాటలలో తీరు వేరు. 'ఊర్మిళాదేవి నిద్ర' ఆంధ్రదేశపు ఇండ్లలో స్త్రీలు పాడుకొన్న పాట. వనవాసం ముగిసి లక్ష్మణుడు పడకగదిలో ప్రవేశించగానే, పదునాలుగేండ్ల నిద్ర నుండి మేల్కొన్న ఊర్మిళ అతనిని పోల్చుకొనలేక, పరపురుషుడవు ఎవరవని గద్దిస్తుంది. మా వారికి, మా తండ్రికి తెలిసిన నీ గతి ఏమగునని బెదిరిస్తుంది. ఇతిహాసం ఒక మూలన కూర్చుండబెట్టిన స్త్రీకి మాట ఇచ్చిన పునఃకథనం ఇది. ఆంగ్లంలో ఈ పద్ధతికి పేరు రాకముందే మన అమ్మమ్మలు పాడినారు. ఆ త్రోవలోనే ఓల్గా గారి 'విముక్త' కథలలో సీత శూర్పణఖను, అహల్యను, రేణుకను, ఊర్మిళను కలుసుకుంటుంది. ముక్కుచెవులు కోల్పోయిన శూర్పణఖ అక్కడ తోట పెంచుతూ ఉంటుంది. ఆ గ్రంథానికి 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. 2016లో ఆంగ్లానువాదం వచ్చింది. ఢిల్లీలో పుట్టిన మన పిల్లలలో అనేకులు దానిని చదువవలసినది ఆ అనువాదంలోనే. తెలుగు పిల్లల చదువుకొరకు దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు 1948లో ఈ నగరంలో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీని స్థాపించినారు. కాని నగరం ఇన్ని దిక్కుల పెరిగిన తరువాత ప్రతి కాలనీ బిడ్డకు అక్షరాలు అందుట అసాధ్యమైనది.

ఇక ఆ నవలల గుణదోషాలు. పిల్లల వద్ద అరువు తెచ్చుకొని కొన్ని చదివినాము. మెరిస్సా మేయర్ వ్రాసిన 'సిండర్' (2012)లో సిండ్రెల్లా బజారులో మరమ్మతు దుకాణం నడిపే మెకానిక్. ఆమె పోగొట్టుకొనునది గాజుచెప్పు కాదు, యంత్రపాదం. మాకు సహజంగానే నచ్చినది. నయోమీ నోవిక్ వ్రాసిన 'స్పిన్నింగ్ సిల్వర్' (2018) ఇంకా మేలు. గడ్డిని బంగారుగా వడికే పాతకథ దీనికి మూలం. అప్పులు వసూలు చేయలేని మెతక తండ్రి స్థానంలో కుమార్తె మిర్యెమ్ జమాఖర్చు పుస్తకం చేతబట్టి ఇంటింటికీ పోయి బాకీలు రాబడుతుంది. వెండిని బంగారు చేయునది మంత్రం కాదు, వ్యాపారం. మన అకౌంట్సు విభాగం వారు తప్పక చదువదగినది. రోషనీ చోక్షీ వ్రాసిన 'ఆరూ షా' (2018) పాండవులను నేటి అమెరికాలో ఆడపిల్లలుగా పుట్టించింది. పన్నెండేండ్లవారికి తగినది.

కత్తి తిప్పుటయే ధైర్యమనుకొన్న నవలలూ అనేకం ఉన్నాయి. మొదటి అధ్యాయంలో ముగ్గురిని పడగొట్టిన కన్యకు మూడువందలవ పుటలోనూ వేరొక గుణం కనిపించదు. వాటికంటె ఫకీరును మాటలతో పడగొట్టిన ఇల్లాలే బలవంతురాలని మా అభిప్రాయం. తల్లిదండ్రులు తెలిసికొనవలసిన విషయం మరియొకటి. సారా జె. మాస్ వ్రాసిన 'ఎ కోర్ట్ ఆఫ్ థార్న్స్ అండ్ రోజెస్' (2015) మొదట యువపాఠకుల నవలగా వచ్చినను, తరువాతి ముద్రణలలో ప్రచురణకర్తలే దానిని పెద్దల విభాగానికి మార్చినారు. అట్ట చూసి కొనక, పెద్దలు కొన్ని పుటలు తిరగవేయుట మంచిది.

మా బ్లాకులో పదకొండవ తరగతి చదువుతున్న ఒక అమ్మాయి నోవిక్ గారిదే 'అప్‌రూటెడ్' చదువుతూ, తెనాలి నుండి వచ్చిన తన అమ్మమ్మకు ఆ కథ చెప్పింది. పదేండ్లకు ఒకసారి మాంత్రికుడు పల్లె నుండి ఒక పిల్లను బురుజుకు తీసికొనిపోతాడు అనగానే ఆ పెద్దావిడ నవ్వినారు.

"ఓసి పిచ్చిపిల్లా, ఇది మన బాలనాగమ్మ కథ లాగే ఉందే!"

"ఆవిడెవరు అమ్మమ్మా?"

ఆ రాత్రి భోజనాలు ఆలస్యమైనవని మా సహోద్యోగి చెప్పినారు. కథ ముగిసిన తరువాత మనుమరాలు అడిగినదట.

"అన్నేళ్ళు ఆ గట్టు మీద ఆవిడ ఏం చేసింది అమ్మమ్మా?"

"ఏం చేస్తుందే, వ్రతమని చెప్పి వాణ్ణి దూరంగా పెట్టింది."

"అది సరే. రోజంతా ఏం చేసేది? ఎవరితో మాట్లాడేది?"

అమ్మమ్మ గారికి జవాబు దొరకలేదు. వారి తల్లి చెప్పిన కథలో ఆ భాగం లేదు. బుర్రకథలోనూ, చలనచిత్రంలోనూ ఆ సంవత్సరాలన్నీ ఒక్క వాక్యంలో గడచిపోతాయి. పంచ్‌కిన్ కథలోనూ అంతే.

ఆ అమ్మాయి ఇప్పుడు ఆ భాగాన్ని తానే వ్రాస్తున్నది, ఆంగ్లంలో. నడుమ నడుమ అమ్మమ్మ మాటలను తెలుగులోనే ఉంచి, లిపి తండ్రి చేత వ్రాయించుకుంటున్నది. మొదటి అధ్యాయం మేము చదివినాము. కుక్కరూపంలో ఫకీరు వెంట నడుస్తున్న బాలనాగమ్మ తిరుగు ప్రయాణానికి పనికివచ్చునని ప్రతి చెట్టు వాసనను గుర్తు పెట్టుకుంటూ ఉంటుంది. కుక్కకు అంత జ్ఞాపకం ఉండునా అని అమ్మమ్మ గారి సందేహం. రెండవ అధ్యాయం బోర్డు పరీక్షల తరువాతనట.