పిందెలో పండిన ఆటగాండ్రు

హాకీ యనగానే మనకు తోచునవి పచ్చిక మైదానము, వంకర కఱ్ఱ, ధ్యాన్‌చంద్ పేరు. కెనడా దేశస్థులకు ఆ మాట వేఱొక యర్థము నిచ్చును. అచ్చట శీతకాలమందు చెఱువులు గడ్డకట్టి నెలల తరబడి నిలిచి యుండును. బాలురు ఇనుప అంచుగల జోళ్లు తొడిగికొని ఆ మంచుమీద జాఱుచు, నల్లని రబ్బరు బిళ్లను కఱ్ఱతో తరుముకొనుచు పెరుగుదురు. వారికి హాకీ యనగా అదియే. మన యూళ్లలో క్రికెట్టునకు గల వెఱ్ఱి ఆ దేశమున ఈ క్రీడకు గలదు. ఈ దినము నేను మీకు మనవి చేయదలచినది ఆ దేశమందలి యొక పట్టణమువారికి తమ జట్టుమీద కలిగిన కోపమును గూర్చి. ఓడిన జట్టుమీద కోపించుట లోకసహజము. వీరి కోపమట్టిది కాదు. దేశములోని మేలిమి బిడ్డలు ఏటేట చేతికి వచ్చుచుండగా, వారిని పెంచు నేర్పు లేక చెఱచినారని వీరి యభియోగము.

ఆ పట్టణము ఎడ్మంటన్. ఆల్బర్టా రాష్ట్రమునకు రాజధాని. ఆ ప్రాంతము చమురునకు ప్రసిద్ధి యగుటచేత జట్టునకు ఆయిలర్స్ అని పేరు. 1984 మొదలు 1990 వఱకు ఈ జట్టు స్టాన్లీ కప్పును అయిదు మారులు గెలిచెను. వేన్ గ్రెట్స్‌కీ యనువాడు వీరివాడే. 1988లో యజమాని అతనిని లాస్ ఏంజెలెస్ జట్టునకు ఇచ్చివేయగా ఊరంతయు ఇంటిలో పీనుగ లేచినట్లు దుఃఖించినది. తరువాత 2006లో ఒక్కమారు తుదిపోరు వఱకు పోయి, ఏడవ యాటలో ఓడిరి. అది మొదలు 2016 వఱకు వరుసగా పది సంవత్సరములు కప్పు పోటీలలో కాలు మోపుటకైనను ఈ జట్టు నోచుకొనలేదు.

అన్ని సంవత్సరములు ఓడినవారికి మేలిమి బిడ్డలు చేతికెట్లు వచ్చిరని మీరడుగవచ్చును. ఓడుటచేతనే వచ్చిరి. నేషనల్ హాకీ లీగులో పదునెనిమిదేండ్లు నిండిన కుఱ్ఱవాండ్రను ప్రతి వేసవియందును జట్లు పంచుకొనును. ఈ పంపకమును డ్రాఫ్టు అందురు. బలహీనులు బాగుపడవలెనను తలంపుతో, అడుగున నిలిచిన జట్లకు ముందుగా కోరుకొను హక్కు నిత్తురు. మొదటి వంతు ఎవరిదో చీట్లు వేసి తేల్చుదురు. ఈ విధమున ఎడ్మంటన్ వారికి 2010, 2011, 2012 సంవత్సరములలో వరుసగా మూడుమారులు మొదటి వంతు దక్కెను. మొదటి యేట టైలర్ హాల్ మేలా, టైలర్ సెగిన్ మేలా యని ఊరంతయు తర్కించుకొన్నది. హాల్‌ను కోరుకొనిరి. పిమ్మట ర్యాన్ న్యూజెంట్-హాప్కిన్స్, ఆపైన రష్యా బాలుడు నెయిల్ యాకుపోవ్ వచ్చిరి. ఇక మన కష్టములు గట్టెక్కినవని జనులు సంబరపడిరి.

ఈ ముగ్గురిని పదునెనిమిది, పందొమ్మిదేండ్లకే పెద్దల యాటలోనికి దింపిరి. ఇందుకు ఒక నిబంధన కొంత కారణము. కెనడా బాలుర లీగులనుండి వచ్చినవాడు ఇరువదేండ్లు నిండనిచో ఆ కాలమున అతనికి రెండే త్రోవలుండెను: పెద్ద జట్టులో ఆడుట, లేదా బాలుర లీగునకు మరలిపోవుట. పెద్ద లీగునకు దిగువ మెట్టుగా అమెరికన్ హాకీ లీగు ఒకటి కలదు. అందు ఆడువారు పురుషులే యైనను పోటీ కొంత తక్కువ. ఎదుగు పిల్లవానికి నిజముగ కావలసిన మెట్టు అదియే. ఆ కాలపు ఒడంబడిక ఆ మెట్టునే మూసివేసినది. బాలురలో ఆడినచో వానికి ఎదురు లేదు, నేర్చునదియు లేదు. పురుషులలో ఆడినచో ముప్పదేండ్ల బలశాలులు గోడకు గ్రుద్దుదురు. తొమ్మిది యాటలు ఆడించి వెనుకకు పంపిన యెడల తొలి ఒప్పందములో ఏడు తరుగదు. పదవ యాట ఆడినచో తరుగును. అందుచేత ప్రతి శరత్కాలమున అభిమానులు ఆ యాటలను వ్రేళ్లమీద లెక్కించుకొనుచు, వీనిని ఉంచెదరా, పంపెదరా యని వాదులాడుకొందురు.

నిబంధన అందఱకు నొకటే. అమెరికాలోని డెట్రాయిట్ జట్టు 1991 మొదలు 2016 వఱకు ఒక్క యేడైనను తప్పక కప్పు పోటీలలో ఆడెను. అచ్చట కెన్ హాలండ్ అను కార్యనిర్వాహకుడు కుఱ్ఱవానిని దిగువ మెట్టున అవసరమునకు మించి ఒక యేడు ఎక్కువే ఉంచవలెనని చెప్పెడివాడు. పండు చెట్టుననే బాగుగ మాగవలెనని అతని మాట. మామిడి తోటలు గల మనకు ఈ మర్మము వేఱుగ చెప్పనక్కఱలేదు. 1998లో 171వ వంతున తీసికొన్న పావెల్ దాత్స్యూక్‌ను, 1999లో 210వ వంతున తీసికొన్న హెన్రిక్ జెటర్‌బెర్గ్‌ను తమ తమ దేశములలోనే పెరుగనిచ్చి, మూడేండ్లు గడచిన తరువాత రప్పించిరి. 2008లో కప్పు గెలిచిన జట్టునకు వారిరువురు మూలస్తంభములు. అయితే డెట్రాయిట్ వారికి ఓపిక పట్టుట సులభము. వారి జట్టులో అనుభవజ్ఞులు నిండుగ నుండిరి. ఎడ్మంటన్‌లో ఆ పెద్దతరమే లేదు. బరువు మోయవలసినవారు లేక దూడలమెడకు కాడి కట్టిరి. తప్పంతయు ఇందే యున్నదని నా యభిప్రాయము.

పైగా నేర్పువారు నిలుకడగ నుండలేదు. హాల్ అచ్చట ఆడిన ఆఱేండ్లలో అయిదుగురు శిక్షకులు మాఱిరి. ఒకడు దాడి చేయుమనును, మఱియొకడు రక్షణ మఱచితివని కూర్చుండబెట్టును. యాకుపోవ్ మొదటి యేట 48 ఆటలలో 17 గోలులు చేసెను. శిక్షకుడు మాఱిన మఱుసటి యేట 63 ఆటలలో 11 చేసెను. 2016లో అతనిని సెయింట్ లూయిస్ జట్టునకు పంపివేసిరి. రెండేండ్లకు రష్యాకు తిరిగిపోయెను. ఎచ్చట పెరిగినను అతడింతే యని వాదించువారు కలరు. ఆ మాటను త్రోసివేయలేము. కాని జస్టిన్ షుల్ట్స్ మాట యేమి? ఎడ్మంటన్‌లో ఈలలు తిని, 2016లో పిట్స్‌బర్గ్ జట్టునకు పోయి, అచ్చట అనుభవజ్ఞుల నడుమ చిన్న పాత్రతో మొదలిడి, రెండేండ్లు వరుసగా కప్పు నెత్తినాడు. హాల్‌ను సహితము 2016లో న్యూజెర్సీకి ఇచ్చివేయగా, 2018లో అతడు లీగునందు అత్యుత్తముడను హార్ట్ పురస్కారమును పొందెను.

లియన్ డ్రైసైటిల్ కథ అన్నిటికంటె తెలివినిచ్చునది. జర్మనీనుండి వచ్చిన ఈ బాలుని 2014లో మూడవ వంతున తీసికొని వెంటనే ఆడించిరి. 37 ఆటలలో అతడు చేసినవి రెండు గోలులు. అప్పటికి జ్ఞానోదయమై బాలుర లీగునకు మరల పంపిరి. అచ్చట కెలోనా జట్టును ప్రాంతీయ విజేతగ చేసి, దేశీయపు తుదిపోటీలో శ్రేష్ఠుడని పేరొందెను. మఱుసటి యేట తిరిగివచ్చినవాడు వేఱొక మనుష్యుడు. 2020లో హార్ట్ పురస్కారము అతనిదే. అతనికి కావలసివచ్చినది అర సంవత్సరపు ఓర్పు. ఆ ఓర్పును ముందు ముగ్గురికి ఏల చూపలేదని అభిమానులు అడిగినచో జవాబేమి కలదు?

2014 మార్చిలో ఇరుగు పట్టణమగు కాల్గరీ చేత 8-1 గోలులతో ఓడుచుండగా, ఒక ప్రేక్షకుడు తాను తొడిగికొన్న జట్టు చొక్కాయను ఊడదీసి మంచుమీద విసరెను. గోలు రక్షకుడగు బెన్ స్క్రివెన్స్ ఆ చొక్కాయను ఎత్తి, అద్దపు గోడమీదుగా తిరిగి ప్రేక్షకులలోనికి విసరెను. ఇద్దఱిపైనను నాకు జాలియే. అయితే ఒక్కమాట దాచరాదు. ప్రతి శరత్కాలమందును ఈ క్రొత్త కుఱ్ఱవానిని నేడే ఆడింపుడని కేకలు వేసినవారిలో ఆ ప్రేక్షకులును ఉండిరి. మావి పూతనాడే పండు కోరువారికి తోటమాలి లోబడుట వింతకాదు.

2015లో చీట్లు మఱల వీరినే వరించి కానర్ మెక్‌డేవిడ్ వచ్చెను. అతడు పదునెనిమిదవ యేటనే వెలిగి, పందొమ్మిదవ యేట నాయకుడయ్యెను గదా, మాగవేయుట యేల యని కొందఱందురు. చేపపిల్లకు ఈత నేర్పనక్కఱలేదు. కాని చెఱువులోనివన్నియు చేపలు కావు. 2016లో నాలుగవ వంతున తీసికొన్న ఫిన్లాండు బాలుడు యెస్సే పుల్యుయార్వీకి ఆ కెనడా నిబంధన తగులదు. మొదటినుండియు దిగువ మెట్టున ఉంచుటకు వీలుండెను. అయినను ముందు పెద్ద జట్టులో ఆడించి, పిదప క్రిందికి దింపి, పైకిని క్రిందికిని త్రిప్పిరి. 2019లో అతడు విసిగి ఒక యేడు స్వదేశమునకు పోయెను.

ఆ 2019లోనే, డెట్రాయిట్‌లో మాగవేయుటకు పేరొందిన కెన్ హాలండ్‌ను ఎడ్మంటన్ వారు రప్పించుకొనిరి. అతని కాలమున ఫిలిప్ బ్రోబెర్గ్, డిలన్ హాలొవే యను ఇద్దఱిని దిగువ జట్టగు బేకర్స్‌ఫీల్డున ఆడించుచు మెల్లగ పెంచిరి. 2024లో జట్టు తుదిపోరునకు పోయి ఫ్లోరిడా చేత ఏడవ యాటలో ఓడినది. ఆ పోటీలలో ఈ యిద్దఱును పనికివచ్చిరి. హాలండ్ ఆ వేసవియందే వెడలిపోయెను. ఆగస్టులో సెయింట్ లూయిస్ వారు ఇరువురకును హెచ్చు జీతము చూపిరి. లీగు నిబంధన ప్రకారము ఏడు దినములలో అంత జీతమును తామే యిత్తుమనినచో ఎడ్మంటన్ వారు వారిని నిలుపుకొనవచ్చును. కాని ఆటగాండ్ర జీతముల మొత్తమునకు లీగు విధించిన హద్దు అప్పటికే నిండియుండెను. ఇద్దఱును పోయిరి; పరిహారముగ వచ్చినవి మఱుసటి డ్రాఫ్టులో రెండవ వరుసలో నొకటి, మూడవ వరుసలో నొకటి. ఎడ్మంటన్‌లో కడపటి యేట, కప్పు పోటీలు విడిచి, హాలొవే చేసిన గోలులు ఆఱు. సెయింట్ లూయిస్‌లో మొదటి యేట 26.