ఇనుము నడిమధ్యకే ఎందుకు చేరింది?

జంషెడ్‌పూర్‌లో బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర పనిచేసినవాళ్లకు బరువైనది కిందికి చేరుతుందని ఎవరూ చెప్పనక్కర్లేదు. తరాల కిందట ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి అక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్లలో అలాంటివారు ఎందరో. కొలిమి అడుగున రంధ్రం తెరవగానే కరిగిన ఇనుము, స్లాగ్ అనే రాతి మలినం కలిసి ఒకే కాలువలోకి దూకుతాయి. కాస్త దూరం పారేసరికి వేరుపడతాయి. ఇనుము కిందికి దిగుతుంది, స్లాగ్ పైన తేలుతుంది. కాలువకు అడ్డంగా పెట్టిన దిమ్మె కింది సందులోంచి ఇనుము లాడిల్ అనే పాత్ర వైపు పోతుంది, స్లాగ్ పక్క కాలువలోకి పొర్లుతుంది. ఇదంతా బరువు చేసే పని. కరిగిన ఇనుము నీటికన్నా ఏడు రెట్లు బరువు, స్లాగ్ మూడు రెట్లు కూడా ఉండదు.

భూమి మధ్యలో ఇనుము ఎందుకుందన్న ప్రశ్నకు సగం జవాబు ఆ కాలువలోనే దొరుకుతుంది. మామిడికాయలో టెంకలాగా ముందు కేంద్రం ఏర్పడి, తర్వాత చుట్టూ మిగతా భూమి పెరిగిందనుకోకండి. సుమారు 450 కోట్ల ఏళ్ల కిందట రాయి, లోహం కలగలిసిన ముద్దలు ఒకదానికొకటి గుద్దుకుని అతుక్కోవడం వల్ల భూమి తయారైంది. ఆ దెబ్బల వేడికి, రేడియోధార్మిక పదార్థాల వేడికి చాలా భాగం కరిగింది. కరిగాక ఇనుము చుక్కలు చుక్కలుగా కిందికి దిగింది, రాతి ద్రవం పైకి తేలింది. కొన్ని కోట్ల ఏళ్లలోనే పని దాదాపుగా ముగిసింది. ఇనుముతో చెలిమి ఉన్న నికెల్, ప్లాటినం, బంగారం కూడా దానితోపాటే వెళ్లిపోయాయి. భూమికి దక్కిన బంగారంలో అత్యధిక భాగం మనకెవరికీ అందని ఆ లోతులోనే ఉంది.

మరి ఇనుమంతా మునిగిపోతే నోవాముండి గనిలో ఇనుప రాయి ఎలా మిగిలింది? నాకు అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే.

ఇనుమంతా మునగలేదు. ఆక్సిజన్ చేతికి చిక్కినది పైనే ఉండిపోయింది. కాల్షియం, మెగ్నీషియం, అల్యూమినియం, సిలికాన్ ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకుంటాయి, ఇనుము పట్టు అంతకన్నా వదులు. ఉన్న ఆక్సిజన్‌లో ఎక్కువ భాగాన్ని ఆ గట్టివి పంచుకున్నాక, మిగిలినదానితో కొంత ఇనుము కలిసి రాతిలో భాగమైంది. ఆక్సిజన్ దొరకని ఇనుము లోహంగా ఉండి కిందికి జారింది. లెక్కవేస్తే భూమిలోని ఇనుములో సుమారు 85 శాతం కేంద్రమండలంలో ఉంది. పైన మిగిలినది 15 శాతం.

ఆ మిగిలినదానిలో కొంత, రాతిలోంచి విడివడి పురాతన సముద్రాల నీటిలో కరిగి, మళ్లీ ఆక్సిజన్‌తో చేరి, తుప్పులా అడుగున పొరలు పొరలుగా పేరుకుంది. సింగ్‌భూమ్ ప్రాంతపు ఇనుప రాతి పొరలు 300 కోట్ల ఏళ్ల కన్నా పాతవి. జంషెడ్‌పూర్ కొలిమి నోట్లో పడేది ఆ రాయి. కోక్ (కాల్చిన బొగ్గు) మండి పుట్టే కార్బన్ మోనాక్సైడ్ ఇనుము చేతిలోని ఆక్సిజన్‌ను ఊడబెరుకుతుంది. అల్యూమినియం, కాల్షియం, మెగ్నీషియంల దగ్గర దాని ఆటలు సాగవు, అవి ఆక్సిజన్‌ను వదలవు. అందుకే స్లాగ్‌గా తేలతాయి. ఏ మూలకం ఎంత గట్టిగా ఆక్సిజన్‌ను పట్టుకుంటుందో చూపే పటాన్ని 1944లో ఎల్లింగ్‌హామ్ అనే శాస్త్రవేత్త గీశాడు. మెటలర్జీ చదివే పిల్లలు తొలి ఏడాదుల్లోనే దాన్ని నేర్చుకుంటారు. భూమి కడుపులో లోహం, రాయి విడిపోయినప్పుడు నడిచిన పంపకం కూడా ఆ వరసలోనే జరిగింది. అప్పట్లో మునగకుండా తప్పించుకున్న ఇనుమును, ఆక్సిజన్ నుంచి విడిపించి మునిగేలా చేయడమే కొలిమి పని.

పోలిక ఇంకొంచెం ముందుకు సాగుతుంది. కొలిమి నుంచి వచ్చే హాట్ మెటల్ స్వచ్ఛమైన ఇనుము కాదు. అందులో నాలుగు శాతం పైన కార్బన్, కాస్త సిలికాన్ కలిసి ఉంటాయి. భూకేంద్రం కూడా స్వచ్ఛం కాదు. అంత ఒత్తిడిలో ఇనుము ఎంత బరువుండాలో దానికన్నా అక్కడి పదార్థం తేలిక. గంధకం, సిలికాన్, ఆక్సిజన్, కార్బన్ లాంటివి ఏ పాళ్లలో కలిశాయన్నదానిపై వాదన ఇంకా నడుస్తోంది.

ఎవరూ వెళ్లని చోటు గురించి ఇంత ఎలా తెలిసింది? మొదటి ఆనవాలు తూకం. 1798లో శాస్త్రవేత్త కావెండిష్ చేసిన ప్రయోగం నుంచి భూమి సగటు సాంద్రత నీటికి సుమారు 5.5 రెట్లని తేలింది. కాళ్ల కింది రాయి మూడు రెట్లు మించదు. లోపల బరువైనదేదో ఉండాల్సిందే. రెండో ఆనవాలు భూకంపాలు, ఇక్కడ కథ మన దేశంలో నడుస్తుంది. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో ఒకే కాలంలో ఇద్దరు పనిచేశారు. ఒకరు ప్రమథనాథ్ బోస్. మయూర్‌భంజ్ సంస్థానంలోని గోరుమహిషాని కొండల్లో మేలైన ఇనుప రాయి ఉందని 1904 ఫిబ్రవరి 24న జంషెడ్‌జీ టాటాకు ఆయన రాసిన ఉత్తరం వల్లే సాక్చీ పల్లె జంషెడ్‌పూర్ అనే ఉక్కు పట్నమైంది. రెండోవారు రిచర్డ్ ఓల్డ్‌హామ్. 1897 అస్సాం మహాభూకంపాన్ని శోధించి, భూకంప తరంగాలు రకరకాలని చూపినవాడు. భూమి నడిమధ్యగా వచ్చే తరంగాలు ఆలస్యంగా చేరుతున్నాయని, కాబట్టి లోపల వేరే పదార్థంతో కూడిన కేంద్రం ఉందని 1906లో రాశాడు. ఒకే సంస్థలో పనిచేసిన ఇద్దరిలో ఒకరు పైన మిగిలిన ఇనుమును, ఇంకొకరు కిందికి పోయిన ఇనుము జాడను రెండేళ్ల తేడాతో చూపించారన్నది నాకెంతో ఇష్టమైన సంగతి. జంషెడ్‌పూర్ బడి పిల్లలకు ఈ రెండు పేర్లూ కలిపి చెప్పాలి.

ఇప్పుడు తెలిసిన కొలతలు ఇవి: పైనుంచి 2,900 కిలోమీటర్ల లోతున కేంద్రమండలం మొదలవుతుంది. పరిమాణంలో భూమిలో ఆరో వంతు, బరువులో దాదాపు మూడో వంతు. దాని వెలుపలి భాగం ద్రవం. నడిమి ఘనగోళం వ్యాసార్ధం 1,220 కిలోమీటర్లు. దాన్ని 1936లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఇంగే లేమన్ కనిపెట్టింది.

వేడి మధ్యలోనే ఎక్కువ కదా, మరి మధ్యభాగం గట్టిపడి చుట్టూ ద్రవంగా ఉండడమేమిటి? ఉక్కు కర్మాగారంలో జరిగేది సరిగ్గా దీనికి తలకిందులు. జంషెడ్‌పూర్‌లో తొలి ఉక్కు ఇన్‌గాట్ (పోత దిమ్మె) తయారైంది 1912 ఫిబ్రవరిలో. అప్పటి ఇన్‌గాట్ అయినా, నేటి కాస్టింగ్ యంత్రంలోని బిల్లెట్ (పొడవాటి ఉక్కు దిమ్మె) అయినా ముందు గట్టిపడేది పైతోలు. నడుమ చివరిదాకా ద్రవమే. గట్టిపడే లోహం గంధకం, భాస్వరం వంటి మలినాలను లోపలికి నెడుతూ పోతుంది కాబట్టి అవన్నీ మధ్యలో పోగవుతాయి. బిల్లెట్‌ను అడ్డంగా కోసి, యాసిడ్ పూసి నడిమి భాగం ఎలా ఉందో చూసేది ఇందుకే.

భూమిలో ఒత్తిడి లెక్క మార్చేస్తుంది. నడిమధ్యన ఒత్తిడి మన గాలి ఒత్తిడికి 36 లక్షల రెట్లు. మామూలుగా 1,538 డిగ్రీల దగ్గర కరిగే ఇనుము అక్కడ కరగాలంటే 5,000 డిగ్రీలు దాటిన వేడి కావాలి. లోపలికి వెళ్లేకొద్దీ వేడి పెరుగుతుంది, కానీ కరిగే ఉష్ణోగ్రత అంతకన్నా వేగంగా పెరుగుతుంది. కాబట్టి భూమి మెల్లగా చల్లారుతూ ఉంటే ముందు గడ్డకట్టేది మధ్యభాగమే. మలినాలు లోపలికి కాక బయటికి నెట్టుకొస్తాయి. తేలికైన ఆ పదార్థాలు ద్రవ ఇనుములో పైకి లేస్తూ దాన్ని కలియబెడతాయి.

అసలు ఇంత ఇనుము ఎక్కడి నుంచి వచ్చింది? నక్షత్రాల నుంచి. సూర్యుడి కేంద్రంలో కోటిన్నర డిగ్రీల వేడిలో సెకనుకు 60 కోట్ల టన్నుల హైడ్రోజన్ హీలియంగా మారుతోంది. సూర్యుడికన్నా ఎనిమిది రెట్లకు మించిన నక్షత్రాల్లో హీలియం, కార్బన్, నియాన్, ఆక్సిజన్, సిలికాన్ వంతులు వరసగా వస్తాయి. ప్రతి మెట్టులోనూ శక్తి వస్తుంది, ఇనుము దగ్గరకు వచ్చేసరికి రాబడి ఆగిపోతుంది. ఇనుప కేంద్రం సూర్యుడి బరువుకు సుమారు 1.4 రెట్లు, అంటే శాస్త్రవేత్త చంద్రశేఖర్ లెక్కగట్టిన హద్దు దగ్గరికి చేరితే సెకనులోపే కూలిపోతుంది, పైభాగం పేలిపోతుంది. అయితే ఆ నడిమి ఇనుము బయటికి రాదు, అక్కడే నలిగి న్యూట్రాన్ నక్షత్రమో కృష్ణబిలమో అవుతుంది. లోకానికి దక్కేది పేలుడులో కొత్తగా పుట్టిన నికెల్. అది కోబాల్ట్‌గా, తర్వాత కొన్ని నెలల్లో ఇనుముగా మారుతుంది. మన ఇనుములో పెద్ద వాటా శ్వేతకుబ్జాలనే చిన్న మృత నక్షత్రాలు పేలి ఇచ్చింది.

ఇక చాలామంది అడిగేది: భూమి మధ్యలో ఇనుముంది కాబట్టే భూమి అయస్కాంతమా? కాదు. 770 డిగ్రీలు దాటితే ఇనుము అయస్కాంత గుణం కోల్పోతుంది, లోపలి వేడి అంతకు ఎన్నో రెట్లు. కదిలే ద్రవ ఇనుములో పుట్టే విద్యుత్ ప్రవాహాలే భూమికి అయస్కాంత క్షేత్రాన్నిస్తున్నాయి. ఉక్కు కాస్టింగ్‌లో ఇది తిరగబడుతుంది: బిల్లెట్ నడుమ ఉన్న ద్రవాన్ని కలపడానికి బయటి నుంచి అయస్కాంత క్షేత్రాన్ని తిప్పుతారు. వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్ సంగతి వేరు. అందులో చుట్టల నడుమ ఉండే ఇనుము చల్లనిది, ఘనమైనది. చుట్టలో పుట్టే అయస్కాంత బలాన్ని పోగుచేసి రెండో చుట్టకు అందించడం దాని పని. అది ఒకే దిమ్మెగా ఉంటే లోపల సుడి ప్రవాహాలు పుట్టి వేడెక్కి కరెంటు వృథా అవుతుంది. అందుకని సిలికాన్ కలిపిన ఉక్కును మిల్లీమీటరులో మూడో వంతు మందం రేకులుగా చేసి, మధ్య పూత పెట్టి పేరుస్తారు. ట్రాన్స్‌ఫార్మర్‌లో ఇంత శ్రమపడి మనం అడ్డుకునే ఆ ప్రవాహాలే భూకేంద్రంలో అడ్డులేకుండా తిరుగుతున్నాయి. ద్రవం కదలడం మానేస్తే అవి కొన్ని పదుల వేల ఏళ్లలో ఆరిపోయేవి. కానీ 340 కోట్ల ఏళ్ల నాటి రాళ్లలో కూడా ఆ అయస్కాంతం ముద్ర ఉంది.